పీపాలో అచ్చు

మాటకు పట్టిన మురికి పేరు అర్థం. ఈ సంగతిని దక్షిణ జర్మన్ మాండలిక ధ్వనిలేఖన కేంద్రం 1961లోనే కనిపెట్టి, తన నియమావళిలో ఏడో నియమంగా రాసుకుంది: "ఏ మాండలికం ఎవరికి అర్థమవుతుందో, ఆ మాండలికాన్ని వారు రాయరాదు." కారణం కూడా కిందనే ఇచ్చింది. అర్థం తెలిసిన మనిషి విన్నది రాయడు, తెలిసింది రాస్తాడు. పాలు అనే మాట చెవిన పడగానే వాడి మనసు ఆవు వైపు పరిగెడుతుంది, చెవి ఒంటరిదైపోతుంది. కేంద్రానికి కావలసింది ఆ ఒంటరి చెవి. (మనసు తోడున్న చెవులను గ్రంథాలయ విభాగంలో సర్దుబాటు చేసేవారు.)

అందువల్ల ష్వేబియా కొండల మాటలు రాయడానికి ఉత్తర సముద్రం ఒడ్డు నుంచి మనుషులను రప్పించారు. వాళ్లకు ఆ కొండల బేకరీలో కావలసిన రొట్టె అడిగి తెచ్చుకోవడం చేతకాదు. కానీ రొట్టె అనే మాటలో అచ్చు ఎంత వెడల్పుగా ఉందో, ఎక్కడ ముక్కులోకి జారిందో, ఎక్కడ గొంతులో నిలబడిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలరు. వాళ్లు వాడే లిపి కూడా సామాన్యమైంది కాదు. ఒక్క అచ్చు మీద టోపీ, టోపీ మీద చుక్క, అచ్చు కింద కొక్కెం, కొక్కేనికి తోక. ఒకసారి ఒక అక్షరం కింద పదకొండు గుర్తులు పెట్టాల్సి వచ్చి, అవి కింది పంక్తిలోకి దిగి అక్కడి ఊరివాళ్ల అక్షరాలకు టోపీలయ్యాయి. దాంతో ఆ రెండో ఊరివాళ్లు ముక్కుతో మాట్లాడతారని శాస్త్రం మూడేళ్లు నమ్మింది. నమ్మకం తప్పని తేలాక ఊరివాళ్లకు క్షమాపణ చెప్పాలా వద్దా అని ఒక ఉపసంఘం వేశారు. అది ఇంకా కూర్చునే ఉంది.

ఈ కేంద్రంలో ఒటీలియ బోయిష్లె పందొమ్మిదేళ్లుగా లేఖకురాలు. వయసు యాభై రెండు. ఉద్యోగ దరఖాస్తులో "మీకు అర్థమయ్యే మాండలికాలు" అన్న గడిలో ఆమె "ఏవీ లేవు" అని రాసింది. పుట్టిన ఊరు హానోవర్ కాబట్టి ఎవరూ అనుమానించలేదు. నిజానికి తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆమె ష్వేబియా కొండల్లో, క్రేయన్‌వైలర్ అనే ఊరికి అవతలి గట్టున, అమ్మమ్మ దగ్గర పెరిగింది. అమ్మమ్మ పోయాక హానోవర్ తిరిగి వచ్చిన పిల్లకు బడిలో పంతులమ్మ ఆ యాస వదిలించింది. నాలుక మీద నుంచి పోయింది గానీ చెవిలో అలాగే ఉండిపోయింది. రోజుకు ఎనిమిది గంటలు అమ్మమ్మ భాష వినే ఉద్యోగం ఒకటుందని పత్రికలో చూసి, ఆ ఒక్క గడిలో ఆ ఒక్క అబద్ధం రాసి చేరింది.

అబద్ధం నిలబెట్టుకోవడం తేలిక కాలేదు. ప్రతి వసంతంలోనూ లేఖకులకు శుద్ధి పరీక్ష ఉండేది. అర్థ నిరోధక విభాగం అధికారి ఫ్రౌ డాక్టర్ సీగ్‌లిండె ప్రాల్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, పాదిరి, ఆవు, పాదిరి వంటమనిషి ఉన్న ఒక మాండలిక హాస్య కథ టేపు మీద వినిపించి, ఒక్కొక్కరి మూతినీ గమనించేది. నవ్వినవాళ్లు మర్నాటినుంచి గ్రంథాలయంలో ఉండేవారు. ఆ కథ చాలా మంచిది. ఒటీలియ పందొమ్మిది వసంతాలు లోపలి నుంచి బుగ్గ కొరుక్కుంటూ గడిపింది. ఆమె ముఖంలో ఏ కదలికా లేకపోవడం చూసి ఫ్రౌ ప్రాల్ మూడుసార్లు ప్రశంసాపత్రం ఇచ్చింది.

2003 మార్చిలో, క్రేయన్‌వైలర్ టేపులు మూడో విడత లేఖనానికి ఆమె బల్ల మీదికి వచ్చాయి. వాటిని 1974లో రికార్డు చేశారు. 1976లో ఒకసారి, 1993లో ఇంకోసారి రాశారు. ఆ రెండు ప్రతులకూ 412వ ప్రశ్న జవాబులో ఒక చుక్క దగ్గర తేడా వచ్చింది. ఆ చుక్క తేల్చడమే ఒటీలియ పని.

ఆమె హెడ్‌ఫోన్లు చెవులకు తొడుక్కుని మీట నొక్కింది.

"నాలుగు వందల పన్నెండు," అంది టేపులో ఒక కుర్ర గొంతు, శుభ్రమైన పుస్తక భాషలో. "ద్రవాలు నిలవ ఉంచే గుండ్రటి పెద్ద పాత్రలు చాలా ఉంటే, మీ ఊళ్లో వాటిని ఏమంటారు?"

కాసేపు గరగర. తర్వాత ఒక ముసలి గొంతు. గెబ్‌హార్ట్ ష్నిట్సర్, లారీ డ్రైవర్, పుట్టుక 1909, పళ్లు పైన నాలుగు (పళ్ల లెక్క కేంద్రం తప్పకుండా రాసుకునేది).

"పీపాలా? పీపాల ముచ్చట నన్నడుగు బిడ్డా. నాకంటె ఎక్కువ ఎవ్వనికెర్క? డెబ్బై ఒకటిల లోహాలకు పూత ఏసే ఫ్యాక్టరీ మేనేజరు జెప్తె నేనే లారీ తోలిన. గొర్ల బీడు ఎనక, ఏటవాలు కింద, మూడు వందల నలభై పీపాలు పాతిపెట్టినం. ఇనుప పీపాలు. లోపట పచ్చటి నీళ్లు. ఒకటి పగిలింది. నా కుక్క నాకింది. పొద్దుమీకక ముందే సచ్చిపోయింది. ఇనుము ఎన్నేండ్లుంటది బిడ్డా? ముప్పై? నలభై? కారినంక కిందికే గద వోతది. కింద ఊరున్నది. నా మనుమరాలు ఆడనే ఆడుకుంటది. మీరు సర్కారోళ్లు, సదువుకున్నోళ్లు. రాసుకో. గెబ్‌హార్ట్ జెప్పిండని రాసుకో."

"చాలా బావుంది," అంది కుర్ర గొంతు. "ఇప్పుడు 'పీపాలు' ఒక్కటే అనండి. చుట్టూ ఉన్న మాటలు వద్దు."

"పీపాలు."

"ఇంకోసారి."

"పీపాలు. రాసినవా?"

"రాశానండీ. ఒక్క శబ్దం కూడా పోలేదు."

అది నిజమే. 1976 ప్రతిలో అంతా ఉంది. కుక్క ఉంది, పచ్చటి నీళ్లున్నాయి, మనుమరాలు ఉంది, టోపీలతో, కొక్కేలతో, తోకలతో. 1993 ప్రతిలోనూ ఉంది. రెంటి కిందా కలిపి పదకొండు సంతకాలున్నాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా పదకొండుమంది చదువుకున్నవాళ్లు ఆ ముసలాయన మాటలను అద్దంలో పెట్టినట్టు కాపాడారు. ఒక్కరైనా ఆయన ఏం చెప్పాడో వినలేదు.

ఒటీలియ చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి పోతున్నట్టు బయటికి పోయి, వీధి చివర ఫోను డబ్బా నుంచి క్రేయన్‌వైలర్ పంచాయతీకి ఫోను చేసింది. మేయరే ఎత్తాడు. గొర్రెల బీడు వెనక ఇప్పుడేముందని అడిగింది.

"కొత్త బోరు, మేడమ్," అన్నాడు మేయర్ గర్వంగా. ఆఫీసు ఫోనులో కాబట్టి పుస్తక భాష కోసం పాట్లు పడుతున్నాడు. "పాత ఊట సరిపోతలేదు. ఏప్రిల్ పన్నెండున ప్రారంభోత్సవం. బాజాలు పెట్టినం, సాసేజీలు పెట్టినం, మీరు గూడ రావొచ్చు."

"ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారు?"

"ఆడ గడ్డి ఊకెనే పడి ఉంటది మేడమ్. ఎన్నేండ్ల సంది గొర్లు ముట్టవు. ఎట్లయిన పనికిరాని జాగ గద అని ఆడ ఏసినం."

"హెర్ మేయర్, ఆ నేల కింద విషం పీపాలున్నాయి."

"కాగితమున్నదా?" అన్నాడు మేయర్.

"ఉంది. రెండు ప్రతులున్నాయి."

"ఏమని రాసి ఉంది?"

"అది... మామూలుగా చదవడానికి కుదరదు."

"కాగితం ఉన్నది గని సదవరాదు," అని మేయర్ మెల్లగా అనుకున్నాడు, ఒక్కో మాట రాసుకుంటున్నవాడిలా. "గట్లయితె, మేడమ్, సదవొచ్చే కాగితం మీద ముద్ర కొట్టించి పంపుండ్రి. ముద్ర లేంది బాజాలోళ్లకు వద్దని ఎట్ల జెప్త?"

ముద్ర ఫ్రౌ ప్రాల్ దగ్గర ఉంటుంది. ఒటీలియ ఆ సాయంత్రమే వెళ్లి, ఒక టేపుకు అర్థం కావాలని అడిగింది.

ఫ్రౌ ప్రాల్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. "అర్థమా? దేనికి?"

"పరిశీలన కోసం."

"విధానం ఉంది. ఎవరూ అడగరు గానీ ఉంది." ఆమె అలమరలోంచి తొమ్మిదో నమూనా దరఖాస్తు తీసింది. "ఇది నింపండి. ఏ వాక్యానికి అర్థం కావాలో ఇక్కడ. ఆ అర్థం ఏమిటో ఇక్కడ. రెండు నకళ్లు జతచేయండి."

"అర్థం నేనే రాసివ్వాలా?"

"ఏం కావాలో రాయకుండా ఇవ్వమంటే ఎలా ఇస్తాం, ఫ్రౌ బోయిష్లె?"

"అర్థం నాకెలా తెలుస్తుంది?"

"తెలియదు కదా. తెలియకూడదు కూడా. తెలిస్తే ఏడో నియమం." ఫ్రౌ ప్రాల్ మొదటిసారి ఆమె ముఖాన్ని నిదానంగా చూసింది. "మీకు తెలియదు కదా?"

"తెలియదు," అంది ఒటీలియ, బుగ్గ కొరుక్కుంటూ.

దరఖాస్తు చేతిలో పట్టుకుని ఇంటికి పోయి, ఆ గడి వైపు మూడు రోజులు చూసింది. అందులో నిజం రాస్తే పందొమ్మిదేళ్ల గొంతులన్నీ పోతాయి. రాయకపోతే ఏప్రిల్ పన్నెండున బాజాలు మోగుతాయి. మూడో రోజు ఆమె దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసి, తిన్నగా సంచాలకుడి గదికి వెళ్లింది.

సంచాలకుడు ప్రొఫెసర్ టాడె ఈవెర్సెన్ ఉత్తర సముద్రపు దీవివాడు. పొడుగు మనిషి, మృదుస్వభావి, తన రెండు చెవులూ బీమా చేయించుకున్నవాడు. క్రేయన్‌వైలర్ 412 అనగానే ముఖం వెలిగిపోయింది.

"గెబ్‌హార్ట్ ష్నిట్సర్!" అన్నాడు. "ఆ ప్రశ్న అడిగింది నేనే, తెలుసా? ఇరవై అయిదేళ్లవాణ్ణి. ఆ ఒక్క జవాబు మీదే నా డాక్టరేటు. 'క్రేయన్‌వైలర్ బహువచనంలో అనునాసికత.' ఇలాంటి ముక్కు అచ్చు ఆ కొండల్లో ఇంకెక్కడా లేదు. ఎంత అందంగా పలికాడనుకున్నారు! మాట్లాడుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి, ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడు."

"ఆయన ఏడుస్తున్నాడు, హెర్ ప్రొఫెసర్."

"అవును, అదే అంటున్నా."

"జలుబు చేసిన అచ్చు కాదది. ఏడుపు. కుక్క చచ్చిపోయిందని ఏడ్చాడు. ఊరు చచ్చిపోతుందని ఏడ్చాడు. మూడు వందల నలభై విషం పీపాలు పాతిపెట్టామని, రాసుకోమని, మిమ్మల్ని బతిమాలాడు. ఇప్పుడు వాటి పక్కనే బోరు వేశారు."

ప్రొఫెసర్ ఈవెర్సెన్ ముఖం పాలిపోయింది. లేచి తలుపు మూశాడు. పీపాల గురించి అడుగుతాడని ఒటీలియ కాచుక్కూర్చుంది.

"మీకు అర్థమైందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అయింది."

"ఎంతవరకు?"

"మొత్తం."

"ఎప్పటినుంచి ఇలా?"

"మాటలు వచ్చినప్పటినుంచి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఇంట్లోవాళ్లకు పెద్ద రోగమేదో బయటపడినట్టు కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. "పందొమ్మిదేళ్లు," అన్నాడు. "ఆరు వేల రెండు వందల పుటలు. అన్నీ మైలపడ్డాయి. ఫ్రౌ బోయిష్లె, ఎంత పని చేశారు!"

"పీపాల సంగతేమిటి?"

"ఏ పీపాలు?" అన్నాడు ఆయన, నిజంగానే తెలియక.

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది. ఒటీలియ రాసిన పుటలన్నీ ఎర్ర దారంతో కట్టి విడి గదిలో పెట్టాలని తీర్మానించారు. వాటిని ఆమె పక్కన కూర్చున్నవాళ్లు తాకారు కాబట్టి వాళ్లకు మళ్లీ శుద్ధి పరీక్ష పెట్టారు. (ఒకతను భయంతో నవ్వాడు. గ్రంథాలయానికి పంపారు. అక్కడ అప్పటికే కుర్చీలు చాలకపోవడంతో నిలబడి పనిచేయసాగాడు.) బోరు విషయంలో కేంద్రం తన బాధ్యత విస్మరించలేదు. జిల్లా నీటి కార్యాలయానికి హెచ్చరిక లేఖ పంపాలని ఏకగ్రీవంగా నిర్ణయించింది. అయితే అర్థాన్ని ఉత్పత్తి చేసే అధికారం కేంద్రానికి లేదు. అందుచేత గెబ్‌హార్ట్ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, సరికొత్త ధ్వనిలిపిలో, అంగీకృతమైన చుక్కలతో, నాలుగు పుటల్లో పంపారు.

నీటి కార్యాలయం వారంలో జవాబిచ్చింది. లేఖ విదేశీ భాషలో ఉన్నట్టుందనీ, ప్రమాణం చేసిన అనువాదకుడితో జర్మన్‌లోకి మార్పించి పంపాలనీ కోరింది. కేంద్రం అనువాదకుల సంఘానికి రాసింది. తమ దగ్గర ఎనభై నాలుగు భాషలకు మనుషులున్నారనీ, కానీ ఇది జర్మనే కాబట్టి జర్మన్‌లోకి అనువదించడం చట్టం ఒప్పుకోదనీ సంఘం తెలిపింది. రెండు జవాబులనూ కేంద్రం సంతృప్తితో ఫైలులో పెట్టింది. తేదీ ఏప్రిల్ నాలుగు.

ఏప్రిల్ ఆరు, ఆదివారం. ఒటీలియ టేపు నకలు ఒకటి కోటు జేబులో, చిన్న టేపురికార్డరు సంచిలో పెట్టుకుని క్రేయన్‌వైలర్ బస్సు ఎక్కింది. (కేంద్రం వస్తువును గుమ్మం దాటించడం ముప్పై ఒకటో నియమానికి విరుద్ధం. అర్థం కోసం దాటించడం గురించి నియమం లేదు. అలాంటి నీచానికి ఎవరైనా దిగుతారని నియమావళి రాసినవాళ్లు ఊహించలేదు.)

ఊళ్లో ఒకటే భోజనశాల. అది నడిపేది ఆఫ్రా ష్నిట్సర్, గెబ్‌హార్ట్ మనుమరాలు. నలభై ఏళ్లు దాటింది, మోచేతుల దాకా పిండి, గొంతు పెద్దది. మధ్యాహ్నం కావడంతో బల్లలన్నీ నిండి ఉన్నాయి. పప్పు, ష్పెట్స్‌లె అనే ఉడికించిన పిండి తునకలు, సాసేజీ వాసన. మేయరు కిటికీ దగ్గర కూర్చుని ప్రారంభోత్సవం ఉపన్యాసం సాధన చేస్తున్నాడు.

"ఏం వెట్టాలె అక్కా?" అంది ఆఫ్రా.

నలభై మూడేళ్లుగా నాలుక మీదికి రాని భాషలో ఒటీలియ జవాబిచ్చింది. "తినడానికి రాలే, సెల్లె. మీ తాతను తెచ్చిన."

బల్ల మీద టేపురికార్డరు పెట్టి మీట నొక్కింది.

పీపాలా? అంది గెబ్‌హార్ట్ గొంతు. పీపాల ముచ్చట నన్నడుగు బిడ్డా.

ఆఫ్రా చేతిలోని పళ్లెం అలాగే పట్టుకుని నిలబడింది. చెంచాల చప్పుడు ఒక్కో బల్ల దగ్గరే ఆగుతూ వచ్చింది. "నా మనుమరాలు ఆడనే ఆడుకుంటది" అన్న చోట ఆఫ్రా పళ్లెం కింద పెట్టి కుర్చీ వెనక పట్టుకుంది. తాత ఆ మాట అన్ననాటికి ఆమెకు పన్నెండేళ్లు.

టేపు అయిపోయింది.

"ముసలాయనకు గప్పటికే సోయి లేకుండె," అన్నాడు మేయర్, ఎవరివైపూ చూడకుండా. "తాగితె గిట్లనే వాగెటోడు. మా నాయిన జెప్తుండె."

"తాగకుంట గూడ జెప్పిండు," అంది మూలనుంచి ఒక గొంతు. ఎనభై దాటిన లోరెన్స్, ఒకప్పుడు పూత ఫ్యాక్టరీలో కూలి. ఆయన ముందున్న గ్లాసులో యాపిల్ సారా ముట్టకుండా ఉంది. "గీ గదిలనే జెప్పిండు. గిదే బల్ల మీద గుద్ది జెప్పిండు. ఊకో గెబ్‌హార్ట్, ఫ్యాక్టరీ మూతబడితె ఏం తింటం అన్నం. అన్నోళ్లల్ల నేనొకణ్ని."

"నీకెట్ల ఎర్క అది అబద్ధం గాదని?" అన్నాడు మేయర్.

"నేను గూడ ఆయనెంట పాతినోన్నే గద."

ఒటీలియ ఆయన వంక చూసింది. ఆమె ఇన్నేళ్లూ అసహ్యించుకున్నది అర్థం కాని చెవులను. అర్థమైన చెవులు కూడా ఇంతే శుభ్రంగా పనిచేస్తాయని ఆ గదిలో ఆమెకు తెలిసింది.

"ముప్పై రెండేండ్లు నోట్ల ఏం వెట్టుకున్నవ్ తాతా?" అంది ఆఫ్రా. గొంతు పెద్దగా లేదు, అందుకే అందరికీ వినబడింది. "వొచ్చే శనివారం పోరగాండ్లకు ఆ నీళ్లు తాపిచ్చి, చప్పట్లు గొడ్తుంటివా?"

లోరెన్స్ గ్లాసు పక్కకు జరిపాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "జాగ సూపిస్త పా," అన్నాడు.

"గట్లెట్ల?" అని మేయర్ లేచాడు. "తవ్వకానికి పర్మిషన్ గావాలె. కాగితం లేంది..."

"కాగితం నువ్వు రాస్తుండు," అంది ఆఫ్రా, ఏప్రాన్ విప్పుతూ. "మేం తవ్వుతుంటం. ముందు ఎవ్వరిది అయితదో సూద్దం."

తవ్వకం ముందు అయింది. ఆఫ్రా మరిది జేసీబీ తెచ్చాడు. లోరెన్స్ ఏటవాలు కింద చేతికర్రతో నేల మీద గీత గీశాడు, గీత వంకర పోలేదు. మూడు మీటర్ల లోతున మొదటి పీపా తగిలింది. దాని పొట్ట తుప్పు పట్టి, జల్లెడ అయింది. చుట్టూ మట్టి పచ్చగా, వాన తర్వాత నాచులా మెరిసింది. బోరు అక్కడికి అరవై అడుగుల దూరం. ఆ వాసనకు మేయరు రుమాలు ముక్కుకు పెట్టుకుని, బాజాలవాళ్లకు ఫోను చేయడానికి వెళ్లాడు.

ఆఫ్రా గుంట అంచున చాలాసేపు నిలబడింది. "మేం తాతను పిచ్చోడన్నం అక్కా," అంది. "అవ్వ గూడ అన్నది. ఆఖరికి ఆయన మాట్లాడుడే బంద్ జేసిండు. ఏడేండ్లు ఇంట్ల ఒక్క మాట లేదు. మూగగనే పోయిండు."

"టేపులున్నయి," అంది ఒటీలియ. "ఇంకా తొమ్మిది గంటలున్నయి. ఆవుల ముచ్చట, మీ అవ్వతోని పెండ్లి ముచ్చట. నేను రాసిస్త. సదవొచ్చేటట్టు."

రాసివ్వడానికి ఆమెకు తీరిక దొరికింది. ఆ సోమవారమే కేంద్రం ఆమెను తొలగించింది. నేరం పేరు "శాస్త్రీయ సామగ్రిని అర్థం నిమిత్తం వినియోగించుట." కేంద్రం చరిత్రలో ఈ నేరం కింద శిక్ష పడిన మొదటి మనిషి ఆమే. ఉత్తర్వుతో పాటు, మూడు ప్రశంసాపత్రాలు తిరిగి ఇవ్వాలన్న తాఖీదు వచ్చింది. ఆమె ఇచ్చేసి, రెండు పెట్టెలతో (ఒకదాంట్లో గెబ్‌హార్ట్ టేపుల నకళ్లు) క్రేయన్‌వైలర్ వచ్చి, భోజనశాల మేడ మీద గదిలో దిగింది. పొద్దున బంగాళాదుంపలు తొక్క తీసేది, మధ్యాహ్నం టేపులు రాసేది. మొదటి వారం ఊరివాళ్లు ఆమె యాస విని మర్యాదకు నవ్వు ఆపుకున్నారు. రెండో వారం ఆపుకోలేదు. తనను చూసి ఎవరైనా అంత హాయిగా నవ్వడం, తానూ బుగ్గ కొరుక్కోకుండా నవ్వడం ఆమెకు కొత్తగా ఉండేది.

నీటి కార్యాలయం మే నెలలో వచ్చింది. బయటపడ్డ పీపాలను లెక్కపెట్టి, అనుమతి లేకుండా తవ్వినందుకు ఊరికి తాఖీదు ఇచ్చి, బోరుకు సీలు వేసి, మిగతా నేల చుట్టూ తీగ కట్టింది. మిగతా పీపాలు తవ్వి తీయనివ్వాలని, పాత ఊట చాలదు కాబట్టి ట్యాంకరు నీళ్లు పంపాలని ఊరు ఊరంతా రోజూ అక్కడ చేరి అరిచేది.

ఆ అరుపుల సంగతి పత్రికలో పడిన నాలుగో రోజున కేంద్రం వాహనం వచ్చింది. ప్రొఫెసర్ ఈవెర్సెన్, ఇద్దరు సహాయకులు, నాలుగు మైకులు. ఆయన్ను చూసి, క్షమాపణ చెప్పడానికి వచ్చాడేమోనని ఒటీలియ చేతులు తుడుచుకుంటూ ఎదురు వెళ్లింది. ఆయన మర్యాదగా టోపీ ఎత్తి, ఆమెను దాటుకుని, తీగ పక్కన అందరికంటే పెద్దగా అరుస్తున్న ఆఫ్రా దగ్గరికి పోయి, మైకు చాపాడు.

"ఏందిది?" అంది ఆఫ్రా.

"మీరు మాట్లాడండి," అన్నాడు ప్రొఫెసర్ ఆప్యాయంగా. "మేం వింటాం."

"ఇంటరా? ఇన్నేండ్లు ఇన్నది సాల్లేదా? మా తాత నెత్తురు కక్కినట్టు జెప్తె డిగ్రీ జేసుకున్నవ్. ఊరంత పాడైతున్నది, నువ్వు పెట్టె వట్టుకొని వొచ్చినవ్! నీ సెవులు గోసి గీ పీపాలల్ల ఎయ్యాలె! నీ మైకు మీద మన్ను వొయ్యాలె!"

ఆమె అలా పదిహేడు నిమిషాలు తిట్టింది. వెనకున్నవాళ్లు అందుకున్నారు. లోరెన్స్ కూడా కర్ర ఎత్తాడు. ప్రొఫెసర్ కళ్లు మూసుకుని, తల కొద్దిగా పక్కకు వంచి, పాట వింటున్నవాడిలా విన్నాడు. సహాయకులు రికార్డరు మీటరు సూదులు చూసుకుంటూ, టేపు మార్చుకుంటూ రికార్డు చేశారు. అయిపోయాక ఆయన ఊరివాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ఆయన చెంపల మీద తడి ఉంది. ఒటీలియ దాన్ని చూసి ఒక్క క్షణం మెత్తబడింది.

"ఏం విన్నారు, హెర్ ప్రొఫెసర్?" అని అడిగింది.

"అదే అచ్చు," అన్నాడు ఆయన గద్గదంగా. "ఇంకా బతికే ఉంది."

ఆ శరత్కాలంలో కేంద్రం నూట నలభై పుటల నివేదిక ప్రచురించింది. 1974 తర్వాత అంతరించిందనుకున్న క్రేయన్‌వైలర్ అనునాసిక అచ్చు గుంటల దగ్గర నలభై రెండుసార్లు స్పష్టంగా వినబడిందనీ, తాగునీటి విషయంలో తీవ్రమైన భయమూ కోపమూ కలిగినప్పుడు అంతరిస్తున్న ధ్వనులు తిరిగి పుంజుకుంటున్నాయనీ అందులో నిరూపించారు. చివరి పుటలో ఒకే ఒక్క సిఫారసు ఉంది: మాండలికాలు నశిస్తున్న ఇతర గ్రామాల్లోనూ ఇలాంటి అనుకూల పరిస్థితులు కల్పించే అవకాశాన్ని జిల్లా నీటి కార్యాలయం పరిశీలించాలి.

సిఫారసు చక్కటి పుస్తక భాషలో ఉండటం వల్ల కార్యాలయానికి వెంటనే అర్థమైంది. స్థలాలు చూస్తున్నామని అదే వారం జవాబిచ్చింది.